గంట కొట్టాక కూడా ఉండే సారు

వార్షికోత్సవ సంచిక అనగానే మనలో చాలామంది గురువు గొప్పతనం మీద వ్యాసం రాస్తారు. గురువు దీపం అంటారు, నిచ్చెన అంటారు, శిల్పి అంటారు. సెప్టెంబరు 5న స్టేజీ మీద చదివిన మాటలే మళ్లీ అచ్చవుతాయి. ఆ మాటలు తప్పని మేము అనడం లేదు. కానీ హాస్టల్లో పెరిగిన వాళ్లం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. సాయంత్రం బడి గంట కొట్టాక మన సారు ఎక్కడ ఉంటున్నారు? ఆటస్థలంలో మన పక్కన నిలబడేది ఎవరు? రాత్రి లెక్క రాకపోతే మనం ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే హాస్టలు పిల్లవాడి చదువు సగం గట్టెక్కినట్టే అని మా అభిప్రాయం. మేము కూడా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టలు గడప తొక్కినవాళ్లమే. మాకిప్పుడు ఇరవైమూడేళ్లు, పీజీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చేతబట్టిన మొదటివాళ్లం. కాబట్టి ఈ మాటలు పుస్తకాల్లో చదివి రాస్తున్నవి మాత్రమే కావు.

ముందు ఒక చిన్న లెక్క

రోజుకు 24 గంటలు. అందులో బడి సుమారు 7 గంటలు. మిగిలినవి 17 గంటలు. ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లవాడికి ఆ 17 గంటలూ అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు, అవ్వ ఉంటుంది. చదువు చెప్పలేకపోయినా 'తిన్నావా' అని అడుగుతారు. హాస్టలు పిల్లవాడికి ఆ 17 గంటలూ ఉండేది తోటి పిల్లలు, ఒక వార్డెన్ సారు, వంటమనిషి, కామాటి, వాచ్‌మెన్. వార్డెన్ సారుకు బియ్యం, పప్పు, నూనె లెక్కలు, హాజరు, బిల్లులు, ఆఫీసు మీటింగులు. ఇన్ని పనుల మధ్య అంతమంది పిల్లల్లో ఒక్కొక్కరి మొహం చూసి మాట్లాడటం ఆయనకు ఎట్లా వీలవుతుంది? ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు.

పెద్దారవీడు, దోర్నాల, తర్లుపాడు, అర్ధవీడు వంటి మన పడమటి మండలాల్లో పరిస్థితి ఇంకొంచెం కష్టం. ఇది వాన మీద ఆధారపడిన నేల. వాన మొహం చాటేస్తే అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు, లేకపోతే హైదరాబాదు, బెంగుళూరులో బేల్దారి పనులకు పోతారు. అప్పుడు హాస్టలు పిల్లవాడికి ఆదివారం పోవడానికి ఇల్లు ఉంటుంది కానీ ఇంట్లో మనిషి ఉండరు. తలుపుకు తాళం ఉంటుంది. అట్లాంటి పిల్లవాడికి సారు అంటే పాఠం చెప్పే మనిషి మాత్రమే కాదు. ఆ వారం మొత్తంలో వాడిని పేరుపెట్టి పిలిచిన ఒకే ఒక్క పెద్దమనిషి ఆయన కావచ్చు.

పైగా మగపిల్లల విషయంలో ఒక చెడ్డ మాట ఉంది. 'మగపిల్లోడే కదా, ఎట్లోగట్ల బతుకుతాడు' అంటారు. ఆ మాట వల్లే పద్నాలుగేళ్లకు పిల్లలు బడి మానేసి పనిలో చేరతారు. ఒకప్పుడు దేశంలో ఎన్నో చోట్ల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మార్కాపురం నుంచే వెళ్లాయి. ఆ పలకల కార్ఖానాల్లో బడిలో ఉండాల్సిన పిల్లలు పనిచేసిన రోజులు కూడా ఉన్నాయి. పక్క ఊరి పిల్లలు రాసుకోవడానికి పలక చేసిన పిల్లవాడికి రాయడం రాకపోవడం కన్నా అన్యాయం ఏముంటుంది? 'మగపిల్లోడే కదా' అనే మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

తెలిసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు

సారు పిల్లల దగ్గరే ఉండాలి అనేది మేము కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. డబ్బున్నవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఇంగ్లండులో పెద్దింటి మగపిల్లల్ని పెద్ద చదువులకు తయారుచేసే ప్రిపరేటరీ స్కూళ్లలో పొద్దున లాటిన్ చెప్పిన మాస్టారే మధ్యాహ్నం క్రికెట్ నేర్పేవాడు, రాత్రి పిల్లలు పడుకున్నారో లేదో చూసేవాడు. తల్లిదండ్రులు అంతంత ఫీజులు కట్టింది గోడలకు కాదు, ఆ మాస్టారు అక్కడే ఉంటాడని.

మన ప్రభుత్వాలకు కూడా ఇది తెలుసు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో మొదలైంది. విజయనగరం రాజా పి.వి.జి. రాజు గారు ఇచ్చిన రాజభవనంలో నడిచిన బడి అది. మగపిల్లల్ని సైనిక అధికారుల చదువుకు తయారుచేయడానికి పెట్టారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. అక్కడ పొద్దున వ్యాయామం, పగలు తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి చదువు. పిల్లలను హౌసులుగా విడదీసి ఒక్కో హౌసుకు ఒక హౌస్‌మాస్టరును పెడతారు. పిల్లవాడికి జ్వరం వచ్చినా, మార్కులు తగ్గినా, ఇంటి మీద బెంగపెట్టుకున్నా ముందు తెలిసేది ఆయనకే. అధికారిని తయారుచేయాలంటే పిల్లవాడి పక్కన రోజంతా ఒక మనిషి ఉండాలని ప్రభుత్వానికి తెలుసన్నమాట. మరి కూలీ బిడ్డను డిగ్రీ దాకా తేవడానికి ఆ మనిషి అక్కర్లేదా?

పల్లె పిల్లల కోసం కూడా ఆ దారి వేసినవాళ్లు ఉన్నారు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971 నవంబరులో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలో, అప్పటి అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో పెట్టారు. మూడూ మగపిల్లల బడులే. సార్లు పిల్లలతోపాటు ఆ ఆవరణలోనే కాపురం ఉన్నారు. పల్లెటూరి తెలుగు మీడియం పిల్లలు ఆ బడుల నుంచి పెద్ద పెద్ద ఉద్యోగాలకు పోయారు. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు కూడా వచ్చి మన వాడల పిల్లలకు ఆ వసతి కొంత అందింది.

కొంత అని ఎందుకు అంటున్నామంటే, గురుకులంలో ఐదో తరగతికి ప్రవేశపరీక్ష ఉంటుంది. ఒకే వాడ నుంచి, ఒకే బెంచీ నుంచి ఇద్దరు పిల్లలు పరీక్ష రాస్తారు. ఒకరికి సీటు వస్తుంది, రెండోవాడు ఆ తర్వాత హాస్టల్లో చేరతాడు. పదేళ్ల వయసులో ఇద్దరికీ తేడా నాలుగైదు మార్కులు. పదహారేళ్లు వచ్చేసరికి ఆ తేడా కొండంత అవుతుంది. ఆ కొండ పెరిగింది పిల్లవాడి బుర్రలో కాదు. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు ఒకరి పక్కన సారు ఉన్నాడు, ఇంకొకరి పక్కన లేడు. అంతే తేడా.

తోటలో దొరికిన సారు

మన హాస్టళ్లలో గోడ మీద బాబాసాహెబ్ అంబేద్కర్ పటం లేని హాలు ఉండదు. ఆయన చిన్నప్పటి కథ మనందరికీ తెలుసు. బడిలో గోనెసంచి మీద వేరుగా కూర్చున్నాడని చదువుకున్నాం. కానీ ఆ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. ఆయన గురించి మనం తక్కువగా చెప్పుకుంటాం. ఆయన పేరు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్.

కేలూస్కర్ బొంబాయిలో విల్సన్ హైస్కూలు ఉపాధ్యాయుడు. భీమ్‌రావు చదివింది ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు. అంటే ఆయన ఈ పిల్లవాడి క్లాసు సారు కాదు. చర్నీరోడ్డు తోటలో సాయంత్రంపూట కూర్చుని చదువుకునే కుర్రవాణ్ణి చూసి తనంతట తానే పలకరించాడు. చదవడానికి పుస్తకాలు ఇచ్చాడు. 1907లో భీమ్‌రావు మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్రను కానుకగా ఇచ్చాడు. పై చదువుకు డబ్బు లేకపోతే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కు చెప్పి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్పు వచ్చేటట్టు చూశాడు.

ఇందులో మనం గమనించాల్సింది ఏమిటి? కేలూస్కర్‌కు ఆ పిల్లవాడి హాజరుపట్టీతో పని లేదు. ఆ పిల్లవాడు పాసైతే ఆయనకు పేరు రాదు, ఫెయిలైతే మాట రాదు. అప్పటికి బడి గంట కొట్టేసి చాలాసేపయింది. అయినా ఆగి 'ఏం చదువుతున్నావు బాబూ' అని అడిగాడు. హాస్టలు పిల్లవాడికి కావాల్సిన సారు అట్లాంటివాడు.

డ్రిల్లు సారుకు కనిపించేది

ఇక ఆటల సంగతి. మన ఊళ్లల్లో పీఈటీ సారు అంటే 'డ్రిల్లు సారు' అని కొంచెం చిన్నచూపు ఉంది. ప్రార్థన దగ్గర లైను సరిచేయడానికి, ఆగస్టు 15న మార్చింగు చేయించడానికి, సారు రాని క్లాసులో పిల్లలు అల్లరి చేయకుండా కూర్చోబెట్టడానికి ఆయన్ని వాడతారు. పదో తరగతి పిల్లలకైతే ఆటల పీరియడే ఉండదు. ఆ గంట సైన్సుకో ఇంగ్లీషుకో పోతుంది.

కానీ తరగతిలో కనిపించనిది ఆటస్థలంలో కనిపిస్తుంది. మా చిన్నప్పుడు మాతో ఉన్న ఒక పిల్లవాడు కబడ్డీలో కాలు ఈడుస్తున్నాడని డ్రిల్లు సారు గమనించి చెప్పు విప్పించారు. అరికాల్లో ముల్లు విరిగి చీము పట్టి ఉంది. వారం రోజులుగా వాడు బెంచీ కింద కాలు దాచుకుని అన్ని క్లాసుల్లో కూర్చున్నాడు, ఎవరికీ కనిపించలేదు. ఎవరు అన్నం తినకుండా వచ్చారో, ఎవరికి చూపు ఆనడం లేదో, ఎవరిని ఎవరు బెదిరిస్తున్నారో ముందు తెలిసేది ఆట నేర్పే మనిషికే. ఓడిపోయినప్పుడు కొట్లాటకు దిగకుండా చెయ్యి కలిపి రావడం నేర్పేది కూడా ఆయనే. మగపిల్లలకు కోపాన్ని ఏం చేసుకోవాలో నేర్పే పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఆట నేర్పే సారు ఎంత దూరం తీసుకెళ్లగలడో తెలియాలంటే హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలుచుకోవాలి. ఆయన మొదట బడిపంతులు. పాఠాలు చెబుతూ వ్యాయామవిద్యలో డిప్లొమా తెచ్చుకుని ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. జకార్తా నాటికి ఆయన క్యాన్సరుతో ఉన్నారు, 1963లో కన్నుమూశారు. బంతిని ఒక్కడే పట్టుకుని పరుగెత్తకుండా వెంటనే పక్కవాడికి ఇవ్వాలనే నియమంతోనూ, అలవాటు లేని కాలితోనే తన్నాలనే నియమంతోనూ ఆయన కుర్రవాళ్లకు పోటీలు పెట్టేవారు. ఇందులో ఖర్చు ఏముంది? బంతి అదే, నేల అదే. పిల్లవాడి బలహీనమైన కాలు ఏదో గమనించే మనిషి అక్కడ ఉన్నాడు. లెక్కల్లో బలహీనమైన పిల్లవాడికి కావాల్సింది కూడా అదే కదా.

మన గురుకులాల పిల్లల సంగతే చూడండి. 2014 మే 25న, రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు, సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గారు పూనుకున్నారు, పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి గారు శిక్షణ ఇచ్చారు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ దాకా నెలల తరబడి నేర్పారు. కూలీల బిడ్డలకు ఊపిరితిత్తులు కొత్తగా రాలేదు. ఉన్న ఊపిరిని నమ్మి పక్కన నిలబడిన కోచ్ దొరికారు. ప్రతి హాస్టలు నుంచీ ఎవరెస్టు ఎక్కాలని మేము అనడం లేదు. మన పిల్లలు పదో తరగతి గట్టు ఎక్కితే చాలు. దానికీ ఒక కోచ్ కావాలి.

ఎదురుమాటలు

మా మాటకు ఎదురుమాటలు ఉన్నాయని తెలుసు. ఒకటి, సార్లు పల్లెల్లో ఎట్లా ఉంటారు? వాళ్లకూ పిల్లలు, వాళ్లకూ చదువులు, అద్దె ఇళ్లు దొరకవు, అందుకే మార్కాపురం నుంచో ఇంకో పట్నం నుంచో బస్సులో వచ్చిపోతారు. నిజమే. ఇది వాళ్ల మనసు చెడ్డదని కాదు. మా బ్యాచ్‌కు లెక్కలు చెప్పిన సారు పరీక్షల ముందు రెండు నెలలు ఆఖరి బస్సు దాకా ఉండి చెప్పారు. ఒకసారి ఆ బస్సు కూడా పోయింది, లారీ ఎక్కి వెళ్లారు. ఆ సారు మాకు దేవుడితో సమానం. కానీ వందల పిల్లల బతుకు ఒక సారు మంచితనం మీద, ఒక లారీ డ్రైవరు దయ మీద ఆధారపడి ఉండటం సరైన ఏర్పాటేనా? ఆయనకు బదిలీ అయితే తర్వాతి బ్యాచ్ సంగతి ఏమిటి?

రెండోది, ఆటలు మనకెందుకు, ముందు చదువు ముఖ్యం అంటారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూలులోనే ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని, ఆట సామాను ఇవ్వాలని, 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలు ఉంటే ఆరోగ్య, వ్యాయామవిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని రాశారు. కాబట్టి ఆట అడగడం సరదా కోసం అడగడం కాదు, చట్టంలో ఉన్నది అడగడం.

మూడోది అసలైన భయం. సాయంత్రాలు, రాత్రులు పిల్లల దగ్గర పెద్దమనిషి ఉంటే ఆ పెద్దరికం చెడుకు కూడా వాడవచ్చు కదా? ఇది కొట్టిపారేసే మాట కాదు. 'కొట్టకపోతే చదువు రాదు' అనే మాటను మన అమ్మానాన్నలే సార్లకు చెప్పి వస్తారు. ఇది మారాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012 పోక్సో చట్టం ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ రక్షణ ఇస్తుంది. మగపిల్లవాడు సిగ్గుపడి నోరు మూసుకోనక్కర్లేదు. 1098కి ఫోను చేయవచ్చు. సారు పిల్లలతో ఉండేది నలుగురికీ కనిపించే హాల్లో, ఆటస్థలంలో ఉండాలి. పిల్లలతో బట్టలు ఉతికించడం, సొంత పనులు చేయించడం గురుభక్తి కాదు. భయపెట్టి కూర్చోబెట్టే పని బెత్తం కూడా చేస్తుంది, దానికి సారు ఎందుకు?

మేము అడిగేది, మేము చేయాల్సింది

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. హాస్టలు పిల్లలు చదివే ప్రతి హైస్కూల్లో పీఈటీ పోస్టు ఖాళీగా ఉండకూడదు. సాయంత్రం ఒక గంట ఆయన హాస్టలు పిల్లలతో ఆటస్థలంలో ఉండాలి, ఆ గంటకు తగిన డబ్బో సెలవో ఆయనకు ఇవ్వాలి. రాత్రి చదువుకు వచ్చే ట్యూటరుకు చిన్న గౌరవవేతనం చేతిలో పెట్టి సరిపెట్టకుండా, బతకడానికి సరిపడా ఇవ్వాలి. మన మండలాల్లోనే డిగ్రీ, బీఈడీ చేసి ఖాళీగా ఉన్న యువకులు ఎంతమంది లేరు? కోరుకొండలో హౌస్‌మాస్టరు ఉన్నట్టు, హాస్టల్లో ప్రతి ఇరవైమంది పిల్లలకు ఒక సారు పేరు ఉండాలి. 'నీ సారు ఎవరు' అని అడిగితే ఆరో తరగతి పిల్లవాడు తడుముకోకుండా ఒక పేరు చెప్పాలి. వాడి అమ్మానాన్న ఏ ఊరికి పనికి పోయారో ఆ సారుకు తెలిసి ఉండాలి.

ఇక పూర్వ విద్యార్థులం. మనం వార్షికోత్సవానికి వస్తాం. ఫ్యానో గడియారమో ఇస్తాం, దాని మీద మన బ్యాచ్ పేరు రాయిస్తాం, ఫొటో దిగి పోతాం. ఫ్యాను మంచిదే, ఎండాకాలం మన ప్రాంతంలో దాని విలువ అందరికీ తెలుసు. కానీ ఫ్యాను లెక్క చెప్పదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, ఒంగోలులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లం, చదువుకుంటున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. నెలకు ఒక్క ఆదివారం ఒక్కొక్కరం వస్తే హాస్టల్లో మనిషి లేని ఆదివారం ఉండదు. ఒకరు ఇంగ్లీషు గ్రామరు చెప్పవచ్చు. ఒకరు వాలీబాల్ నెట్టు కట్టవచ్చు. ఏమీ రానివాళ్లు పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు చదువుతుంటే వినవచ్చు. అదీ పనే. ఈ సంచిక విడుదలయ్యే రోజే పేర్లు రాసుకుని, ఎవరు ఏ ఆదివారమో హాలు గోడకు అంటించాలని మా ప్రతిపాదన. వార్డెన్ సారు అనుమతితో, ఇద్దరిద్దరుగా, హాల్లోనే. మొదటి ఆదివారం మేము వస్తాం.

తమ్ముళ్లకు ఒక మాట. సారు మీ దగ్గరికి రావాలని మేము రాశాం. మీరు కూడా సారు దగ్గరికి పోండి. రానిది రాలేదని చెప్పండి. నొప్పి ఉంటే కాలు దాచుకోకండి. గంట కొట్టాక వెళ్లిపోతున్న సారును ఆపి 'సార్, ఈ ఒక్క లెక్క' అని అడగండి. చాలామంది సార్లు ఆగుతారు. అడిగేవాళ్లు లేకనే బస్సు ఎక్కేవాళ్లు కూడా ఉన్నారు.